తరైవిని ప్రాక్టీస్ టీచింగ్

పద్దెనిమిదేళ్లుగా పాఠాలు చెబుతున్న మనిషికి పాఠం చెప్పడం వచ్చా రాదా అని చూసిపోవడానికి ఫిజీ రాజధాని సువా నుంచి ఒకరు పడవెక్కి వస్తున్నారంటే మా ఊళ్లో ఎవరికీ నవ్వాగలేదు. అందరికంటే ఎక్కువ నవ్వింది నేను. ఆ హక్కు నాకుంది. తరైవిని మా మేనమామ కూతురు. మా కందావు దీవిలో బావ అన్నవాడు మరదల్ని ఏడిపించకపోతే, పాపం ఇద్దరికీ ఎక్కడో చెడిందని ఊరంతా బెంగపెట్టుకుంటుంది.

విషయం నవ్వులాట కాదని నాకూ తెలుసు. రెండేళ్ల సర్టిఫికెట్ కోర్సు చదివి ఉద్యోగంలో చేరినవాళ్లంతా డిగ్రీ తెచ్చుకోవాలనీ, తేనివాళ్ల టీచర్ రిజిస్ట్రేషన్ ఈ డిసెంబరుతో సరి అనీ ఉత్తరం వచ్చి చాలా కాలమైంది. తరైవిని ఆరేళ్లపాటు దూరవిద్యలో చదివింది. పిల్లల మనస్తత్వం, మూల్యాంకనం, పాఠ్యప్రణాళిక అంటూ పధ్నాలుగు పేపర్లు. మా బడి వెనక కొండమీద మామిడిచెట్టు కింద మాత్రమే ఫోనుకి సిగ్నలు అందుతుంది. అసైన్‌మెంట్లన్నీ అక్కడే నిలబడి, దోమలు తోలుకుంటూ పంపింది. మిగిలింది ఒక్కటే, ప్రాక్టీస్ టీచింగ్. సూపర్‌వైజరు వచ్చి మూడు పాఠాలు చూస్తాడు. ప్రతి పాఠం తర్వాతా ఇద్దరూ కూర్చుని దాని గురించి మాట్లాడుకోవాలి. ఆ మాటలు ఫోనులో రికార్డు చేసి యూనివర్సిటీకి పంపాలి.

నేను అదే బడిలో ఏడో క్లాసుకి చెబుతాను. నాలుగేళ్ల ముందే డిగ్రీ ముగించి, పట్టాకి అద్దం కట్టించి, క్లాసు గోడకి తగిలించాను. అది వంకరగా ఉందని తరైవిని నాలుగేళ్లుగా అంటూనే ఉంది.

ఆమె రాసుకున్న లెసన్ ప్లాన్ చూసి పడీపడీ నవ్వాను. "'పిల్లలతో పరిచయం: ఐదు నిమిషాలు' అట! వీళ్ల బాప్తిస్మాలకి పాట పాడింది నువ్వే కదే. ఎవర్ని పరిచయం చేసుకుంటావు?"

"ఆ గడి ఖాళీగా వదిలితే మార్కులు పోతాయి బావా. కావాలంటే నిన్ను పరిచయం చేస్తాలే. ఇతను ఎరోని మాస్టారు, పట్టా వంకర, మనిషీ వంకరేనని."

మంగళవారం పడవ వచ్చింది. ఒకటో క్లాసు పిల్లలు పంతొమ్మిదిమంది ఇసకలో వరసగా నిలబడి స్వాగతం పాట ఎత్తుకున్నారు. చేతులూపుతూ పాడిస్తున్న తరైవిని, దిగుతున్నదెవరో చూద్దామని వెనక్కి తిరిగింది. ఊపుతున్న చేతులు గాల్లోనే ఆగిపోయాయి. పాట మధ్యలో వదిలేసి, తల వంచుకుని, గబగబా మొగలిపొదల వెనక్కి వెళ్లిపోయింది. పడవ దిగుతున్న మనిషి కూడా, ఒక కాలు నీళ్లలో ఒక కాలు పడవలో ఉండగానే, మొహం సముద్రం వైపు తిప్పేసుకున్నాడు. పిల్లలు మాత్రం చివరి చరణందాకా పాడారు.

వచ్చినవాడు అపకుకి, ఆమె చిన్నాన్న కొడుకు.

మాలో అక్కాతమ్ముళ్లు, అన్నాచెల్లెళ్లు, సొంతవాళ్లైనా చిన్నాన్న పెదనాన్న బిడ్డలైనా, ఊహ తెలిసే వయసు వచ్చాక ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఎదురుపడితే పక్కకి తప్పుకుంటారు. అది పగా కాదు, అలకా కాదు, మేం ఇచ్చుకునే పెద్ద గౌరవమే అది. తరైవినికి నలభై రెండు, అపకుకికి ముప్పై ఏడు. ఇద్దరూ మాటలాపి ఇరవై ఎనిమిదేళ్లయింది. ఇన్నేళ్లూ పెళ్లిళ్లలో అతను ఒక మూల కూర్చుంటే ఆమె ఇంకో మూల కూర్చునేది.

"యూనివర్సిటీ వాళ్లకి చెప్పలేకపోయావట్రా?" అన్నాను, అతని సంచీ భుజాన వేసుకుని.

"చెప్పాను బావా. వాళ్ల ఫారంలో దగ్గరి బంధువులంటే తల్లి, తండ్రి, మొగుడు, పెళ్లాం, పిల్లలు, తోడబుట్టినవాళ్లు. చిన్నాన్న పిల్లలకి గడి లేదు. పైగా ఇంత దూరం పడవెక్కుతానన్న సూపర్‌వైజరు ఇంకెవడూ లేడు."

"మరి పాఠం తర్వాత మాట్లాడుకోవడం?"

అపకుకి నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "నువ్వున్నావుగా."

ఉన్నాను మరి. నాకు ఇద్దరితోనూ ఎన్ని మాటలైనా చెల్లుతాయి. అలా బుధవారం మధ్యాహ్నం స్టాఫ్ రూములో మొదటి చర్చ జరిగింది. అపకుకి కిటికీ దగ్గర సముద్రాన్ని చూస్తూ కూర్చున్నాడు. తరైవిని గుమ్మం దగ్గర కొండని చూస్తూ కూర్చుంది. మధ్యలో నేను, నా ముందు ఫోను.

"అక్కగారికి చెప్పు బావా," అన్నాడు అపకుకి. "పాఠం బావుంది. పిల్లలకి ఆవిడంటే ప్రాణం. ఒక్కటే లోటు. ప్రశ్న వేసి ఆగట్లేదు. పిల్లాడు నోరు తెరిచేలోపే జవాబు ఆవిడే చెప్పేస్తున్నారు."

మాట తిన్నగానే ఉంది. కానీ తిన్నగా ఉన్న మాటని తిన్నగా మోసుకెళ్లడం నా వంట్లో లేదు.

"విన్నావా తరై? నీ నోరు నలభై గుర్రాల పడవ ఇంజనట. ఒక్కసారి తాడు లాగితే పెట్రోలు అయ్యేదాకా ఆగదట."

తరైవిని పకపకా నవ్వింది. "నీ మొహం! మా తమ్ముడు అలా అంటాడా? వాడికి చెప్పు, ఏదైనా మార్చుకోమంటే మార్చుకుంటానని."

"నువ్వు ఏమంటే అది చేస్తుందట్రా," అన్నాను ఇటు తిరిగి. "ఇంజను మాత్రం అమ్మదట."

అపకుకి భుజాలు కదిలాయి, నవ్వాడు. ముప్పావుగంట ఇలాగే సాగింది. గురువారం రెండో పాఠం తర్వాత కూడా అదే. ఈసారి ఆమె నోటిని ఆదివారం చర్చి గంటతో పోల్చాను. మాటకి ఇంత చురుకుందని నాకే ముచ్చటేసింది. రెండు రికార్డింగులూ కొండెక్కి పంపించాం.

గురువారం సాయంత్రానికే జవాబు వచ్చింది. కోర్సు చూసే మేడమ్ రాసింది. 'చర్చలో మూడు గొంతులు వినిపిస్తున్నాయి. అందులో ఎక్కువసేపు మాట్లాడే గొంతు అభ్యర్థిదీ కాదు, సూపర్‌వైజరుదీ కాదు. అది పడవ ఇంజన్ల గురించి మాట్లాడుతోంది. మూడో చర్చలో అభ్యర్థీ సూపర్‌వైజరూ మాత్రమే పాఠం గురించి మాట్లాడాలి. మీ ఆచారం పట్ల మాకు గౌరవం ఉంది. వీలుకాకపోతే మార్చిలో వేరే సూపర్‌వైజరుని పంపగలం.'

రిజిస్ట్రేషన్ డిసెంబరుతో పోతుంది. మార్చిలో ఎవరొచ్చి ఎవర్ని చూస్తారు?

నేను వెళ్లేసరికి తరైవిని వంటింటి ముందు కోరుపీట మీద కూర్చుని కొబ్బరి కోరుతోంది. కొబ్బరి అయిపోయినా చిప్పని కోరుతూనే ఉంది.

"ఇవాళ జోకులొద్దు బావా."

"లేదులే."

"జనవరిలో నా గదిలోకి ఎవరో కొత్త పిల్ల వస్తుంది. వస్తే రానీ, మంచిదే అయ్యుంటుంది. కానీ సెవులోని గాడు ఇంకా పేరులో సగం అక్షరాలు తిరగేసి రాస్తున్నాడు. గద్దిస్తే అసలు పెన్సిలే ముట్టడు. ఆ సంగతి ఆ పిల్లకి ఎవరు చెప్తారు?" చిప్ప పక్కన పడేసింది. "నాకు ఇంకో పని రాదు బావా. రేపట్నుంచి ఏం చెయ్యను, చాపలు అల్లుకోనా?"

చాపలు కూడా నీకు సరిగా రావు అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. అది మింగినందుకు ఇప్పటికీ నన్ను నేను మెచ్చుకుంటాను.

"ఒక్క అరగంట వాడితో మాట్లాడెయ్యి తరై. ఎవరు చూడొచ్చారు?"

"ఆ మాట నువ్వంటున్నావా?" ఆమెకి నిజంగానే కోపం వచ్చింది. "ఇరవై ఎనిమిదేళ్లు వాడు నన్ను నెత్తిన పెట్టుకున్నాడు. నేను ఎదురొస్తే తడి మడుల్లోకి దిగి దారిచ్చాడు. ఒక కాగితం కోసం అదంతా తీసి అవతల పారేయనా? నా ఉద్యోగం పోతే పోయింది."

అంటూనే కళ్లు తుడుచుకుంది. పోతే పోయింది అనే మనిషి అలా తుడుచుకోదు.

అక్కణ్నుంచి ఇంటికొస్తే అపకుకి నా చాపమీద కూర్చుని ఉన్నాడు. యంగోనా వేరు పొడి నీళ్లలో కలిపి, కొబ్బరిచిప్పలో పోసి అతనికందించాను. మా పద్ధతిలో ఒక్క చప్పట్టు కొట్టి తాగి, చిప్ప నా చేతికిచ్చి, సంచీలోంచి ఒక నోటుబుక్కు తీశాడు. అది తరైవిని డైరీ. ప్రతి పాఠం తర్వాతా సూపర్‌వైజరు ఏమన్నాడు, తను ఏం నేర్చుకుంది రాయాలి.

"చదువు," అన్నాడు.

'సూపర్‌వైజరుగారు పాఠం బాగుందన్నారు. మార్చుకోవలసినదేదీ చెప్పలేదు,' అని రెండు రోజులకీ రాసి ఉంది, గుండ్రటి అక్షరాలతో.

"రెండుసార్లు చెప్పాను బావా, ప్రశ్న వేసి ఆగమని. చెప్పావా?"

"చెప్పానురా. కొంచెం ఉప్పూ కారం వేసి చెప్పాను."

"ఇంజనా?"

"ఇంజనూ, చర్చి గంటా."

అపకుకి కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "నువ్వు ఉప్పూ కారం లేకుండా చెప్పినా ఆవిడ నమ్మదు బావా. నువ్వు బావవి. నీ నోట్లోంచి వచ్చిందేదైనా సరదాకే అనుకుంటుంది. నిన్ను మధ్యలో పెట్టుకోవడం నా తప్పే."

నాకు చాలా సిగ్గేసింది. నలభై అయిదేళ్లుగా నా మాటలకి ఊరంతా నవ్వుతోందని మురిసిపోయాను. ఒక్క నిజం మోయాల్సి వచ్చినప్పుడు, ఆ నోరు పనికిరాకుండా పోయింది.

"రేపు ఏం చేస్తావు?"

"తెలీదు. నువ్వు మాత్రం రా. నోరు ఇంట్లో పెట్టి రా."

శుక్రవారం పొద్దున మూడో పాఠం. అపకుకి నడుముకి ఇస్త్రీ చేసిన సులు లుంగీలా చుట్టుకుని, బల్ల మీద కాకుండా, వెనక చాపమీద పిల్లల పక్కన మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. నేను తలుపు పక్కన నిలబడ్డాను. తీసివేతలు. తరైవిని గొంతు ఎప్పట్లా ఖంగుమనలేదు. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది? "తొమ్మిదిలోంచి రెండు పోతే ఎంత పిల్లలూ? ఏడు! చూశారా, ఏడు!" పంతొమ్మిది నోళ్లు అప్పుడే తెరుచుకోబోయి మూసుకున్నాయి.

పాఠం అయిపోయింది. ఫోను రికార్డింగులో పెట్టి బల్ల మీద ఉంచాను. తరైవిని నల్లబల్ల వైపు తిరిగి తుడవడం మొదలుపెట్టింది. ఆ ఇద్దరిలో ఒకళ్లు నోరు విప్పాలి, లేదా ఆ గది డిసెంబరుతో ఆమెది కాకుండా పోవాలి.

"పిల్లలూ," అన్నాడు అపకుకి. "మీకో కథ చెప్పనా?"

చెప్పమని పిల్లలు అరిచారు.

"అనగనగా ఇదే ఊళ్లో ఒక అబ్బాయి. వాడికో అక్క. బడినుంచి రాగానే ఆ అక్క వాణ్ని సీమపనస చెట్టు కింద కూర్చోబెట్టి, పుల్లతో ఇసకలో చేపలు గీసి లెక్కలు నేర్పేది. అంత బాగా వాడికి తర్వాత ఏ కాలేజీలోనూ ఎవరూ నేర్పలేదు. కానీ ఒక చిక్కుంది. 'పడవలో ఏడు చేపలు, మూడు దూకేశాయి, ఎన్ని మిగిలాయి' అని అడిగేది. వాడికి జవాబు తెలుసు. ప్రతిసారీ తెలుసు. వాడు నోరు తెరిచేలోపు అక్కే చెప్పేసేది."

"మా టీచర్ లాగా!" అని అరిచాడు సెవులోని, ముందు పళ్లు లేని నోరంతా తెరిచి.

పిల్లలందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నల్లబల్ల మీద తుడవడానికి ఏమీ మిగల్లేదు, అయినా ఆ చెయ్యి ఆడుతూనే ఉంది. కాసేపటికి ఆగింది.

"ఆ అమ్మాయి ఎందుకు అలా చేసేదో చెప్పనా పిల్లలూ?" అంది తరైవిని, బల్ల వైపే తిరిగి. "ఆ అబ్బాయికి జవాబు రాకపోతే సిగ్గుపడతాడని దానికి భయం. వాడి చెవులు ఎర్రబడితే అది చూడలేకపోయేది. అందుకని తనే చెప్పేసేది. తర్వాత ఎంతమంది పిల్లలొచ్చినా ఆ భయం పోలేదు."

"ఆ అబ్బాయికి అది తెలుసు పిల్లలూ," అన్నాడు అపకుకి. "కానీ సిగ్గుపడినా ఫరవాలేదు, ఒక్కసారి తనే చెప్పాలని వాడికి ఉండేది. తప్పు చెప్పినా సరే. తర్వాత వాడికి తొమ్మిదో ఏడు వచ్చింది. నాన్నమ్మ పిలిచి, ఇంక అక్కతో మాట్లాడకూడదంది. వాడి జవాబు వాడి దగ్గరే ఉండిపోయింది."

తరైవిని సుద్దముక్క తీసుకుంది. నల్లబల్ల మీద ఒక పడవ, అందులో ఏడు చేపలు గీసింది. వాటిలో మూడింటిని కొట్టేసింది. అలా బల్ల వైపే చూస్తూ అడిగింది.

"పడవలో ఏడు చేపలు. మూడు దూకేశాయి. ఎన్ని మిగిలాయి?"

నేను లోపల లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒకటి. రెండు. ఇక్కడే ఎప్పుడూ ఆమె చెప్పేసేది. పిల్లలకీ ఆ సంగతి తెలుసు కనుక, ఎప్పట్లా టీచరే చెప్తుందని నిదానంగా కూర్చున్నారు. మూడు. నాలుగు. ఆమె పెదవులు కదలబోయాయి. సుద్ద చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది. ఆరు. ఏడు. సెవులోని వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. తొమ్మిది. నాకు గొంతు దాకా వచ్చింది జవాబు, ప్రాణం పోయినా చెప్పకూడదని పళ్లు బిగించాను. పది. పదకొండు.

"నాలుగు," అన్నాడు అపకుకి వెనకనుంచి, చెయ్యెత్తి.

అతని చెవులు ఎర్రగా ఉన్నాయి.

"బాగా చెప్పావు," అంది తరైవిని.

ఆ రెండు మాటలూ అని, అలాగే బల్ల వైపు తిరిగి నిలబడిపోయింది. పెదవి చుట్టూ సుద్ద అంటుకుంది. ఏడుస్తోందని భుజాలు చూస్తే తెలుస్తూనే ఉంది. నేనూ ఏడ్చాను. పిల్లలు నన్ను చూసి నవ్వారు, నవ్వితే నవ్వనీ.

ఆచారం తప్పిందా అని మర్నాడు ఊరి పెద్దలు నన్నే పిలిచి అడిగారు. "ఎక్కడ తప్పింది? అతను పిల్లలకి కథ చెప్పాడు. ఆమె నల్లబల్లతో మాట్లాడింది," అన్నాను. వాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని, ఎరోని మాట కదా అని నవ్వేసి, యంగోనా గిన్నె ముందుకు జరిపారు. నా నోరు ఆ ఒక్కరోజు దేనికో ఒకదానికి పనికొచ్చింది.

శనివారం పడవలో అపకుకి వెళ్లిపోయాడు. అతను ఎక్కేదాకా తరైవిని మొగలిపొదల వెనకే ఉంది. కొబ్బరిపాలల్లో ఉడికించిన చేప, చేమదుంపలు బుట్టలో పెట్టి నాచేత పంపింది.

"ఏమైనా చెప్పమందా?" అన్నాడు.

"ఏమీ చెప్పలేదు. చేపలు మాత్రం నాలుగే పెట్టింది."

పైవారం యూనివర్సిటీ నుంచి జవాబు వచ్చింది. దాన్ని మామిడిచెట్టు కింద నేనే గట్టిగా చదివాను. 'మూడో చర్చ ఆమోదించడమైనది. పదహారో నిమిషం దగ్గర పదకొండు సెకన్లపాటు ఏమీ వినపడటం లేదు. రికార్డింగులో లోపమా?' దాని కిందే అపకుకి రాసిన జవాబు ఉంది. 'లోపం కాదు. అభ్యర్థి ప్రశ్న వేసి ఆగారు. మార్కులు దానికే వేశాను.'

"ఇంకోసారి చదువు బావా," అంది తరైవిని. చదివాను. మళ్లీ చదవమంది. మూడోసారి చదువుతుండగా సిగ్నలు పోయింది.

ఆ ఆమోదంతో రిజిస్ట్రేషన్ నిలబడింది. ఫిబ్రవరిలో పట్టా వచ్చింది. అద్దం కట్టించి, ఒకటో క్లాసు గోడకి తగిలించింది. కింద సెవులోని తన పేరు రాసి అతికించిన కాగితం ఒకటి. ఒక్క అక్షరం తప్ప అన్నీ తిన్నగానే ఉన్నాయి. నన్ను పిలిచి, గది మధ్యలో నిలబెట్టింది.

"ఎలా ఉంది?"

నా దగ్గర పాత బాకీ చాలా ఉంది. నాలుగేళ్లుగా నా పట్టా వంకరని చెప్పిన మనిషి. మూడు నాలుగు జోకులు తయారుగా పెట్టుకునే వచ్చాను. కానీ తరైవిని ప్రశ్న వేసి ఆగింది. చేతులు కట్టుకుని, నా మొహం చూస్తూ, ఏమీ అనకుండా ఆగింది. ఎంతసేపు ఆగిందంటే, నా జోకులన్నీ ఒకదాని తర్వాత ఒకటి జారిపోయాయి.

"బావుంది తరై," అన్నాను. "చాలా బావుంది. నువ్వు మంచి టీచరువి."

ఆమె ఒక్క క్షణం నన్ను పరీక్షగా చూసింది.

"ఛీ, పో బావా," అంది. "నిజం చెప్పు."